తాగినా తాగకపోయినా

నేను బ్యాంకులో చేరిన కొత్తలో, విశాఖపట్నంలో, పెళ్లికాని కుర్రాళ్లం నలుగురం ఒక మెస్సులో భోంచేసేవాళ్లం. అక్కడ రెండు రకాల టోకెన్లు ఉండేవి. ప్లేట్ మీల్స్ ఒకటి, ఫుల్ మీల్స్ ఒకటి. ప్లేట్ మీల్స్ అంటే రెండు కప్పుల అన్నం, ఇంత పప్పు, ఇంత కూర, అయిపోతే అయిపోయినట్టే. ఫుల్ మీల్స్ అయితే మనం విస్తరికి చెయ్యి అడ్డం పెట్టేదాకా వడ్డిస్తూనే ఉంటారు. మేం ముగ్గురం కళ్లు మూసుకుని ఫుల్ మీల్స్ కొనేవాళ్లం. నాలుగో ఆయన మాత్రం గుమ్మంలో ఒక్క నిమిషం ఆగి, తన కడుపుని తానే అడుగుతున్నట్టు ముఖం పెట్టి, వారంలో నాలుగైదు రోజులు ప్లేట్ మీల్సే తీసుకునేవాడు. పిసినారి అని నవ్వుకునేవాళ్లం. నెలాఖరున మా ముగ్గురికీ చేబదులు ఇచ్చేది కూడా ఆయనే. ఆ రెండు సంగతుల మధ్యా సంబంధం ఉండొచ్చని అప్పట్లో మాకు తట్టలేదు.

నలభై ఏళ్ల తర్వాత ఆ మెస్సు గుమ్మం నాకు మళ్లీ గుర్తొచ్చింది. అప్పుడు నేను అమెరికాలో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో, మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. అమ్మానాన్నలు వస్తే చూపించాల్సినవని అక్కడ మనవాళ్ల దగ్గర ఒక జాబితా ఉంటుంది కదా. నయాగరా, న్యూయార్క్, గుడి, కాస్ట్‌కో. ఈమధ్య అందులో ఓడ ప్రయాణం కూడా చేరింది. డాలస్, హ్యూస్టన్ తెలుగువాళ్లకి గాల్వెస్టన్ రేవు కారులో వెళ్లే దూరం. ఫ్రిస్కో నుంచి ఐదు గంటలు. అక్కడ ఆదివారం ఓడ ఎక్కితే హోండురాస్‌లో రోటాన్, మెక్సికోలో కోస్టా మాయా, కొజుమెల్ చూపించి, పై ఆదివారం పొద్దున్నే తెచ్చి దింపుతుంది. ఏడు రాత్రులు. మా అబ్బాయి, కోడలు, తొమ్మిదేళ్ల మనవడు ఒక గదిలో, నేనూ మా ఆవిడా ఒక గదిలో. టికెట్లు వాడు ముందే కొన్నాడు.

బయల్దేరే ముందు ఒక రాత్రి భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ తెచ్చి నా పక్కన కూర్చున్నాడు. "నాన్నా, డ్రింక్స్ ప్యాకేజీ సంగతి తేల్చాలి. ఇవాళ అర్ధరాత్రితో డిస్కౌంట్ అయిపోతుందట" అన్నాడు.

ఇక్కడ మా ఇంటి మర్యాద ఒకటి చెప్పాలి. మా వాడు శనివారం రాత్రి రెండు బీర్లు తాగుతాడు. నా ఎదుట తాగడు. నాకు తెలుసని వాడికి తెలుసు. తెలియనట్టు ఉంటానని కూడా తెలుసు. అందుకని ఆ రాత్రి మేమిద్దరం ఎవరో మూడో మనిషి గురించి మాట్లాడుకుంటున్నట్టుగా ఆ లెక్క వేశాం. "ఒక మనిషి రోజుకి ఐదు తాగుతాడనుకోండి నాన్నా" అని వాడు, "అనుకుందాం" అని నేను.

సంగతి ఏమిటంటే, ఓడ టికెట్‌లో తిండి ఉంటుంది, తాగేవి అన్నీ ఉండవు. మంచినీళ్లు, మామూలు కాఫీ, టీ, నిమ్మరసం, పొద్దున టిఫిన్ దగ్గర పళ్లరసం చాలా ఓడల్లో ఊరికే ఇస్తారు. మందు, కూల్‌డ్రింకులు, సీసా నీళ్లు, నురగ కాఫీలు, అప్పటికప్పుడు పిండిన పళ్లరసాలు మాత్రం దేని డబ్బు దానిదే. ఓడ ఎక్కగానే ఒక ప్లాస్టిక్ కార్డు ఇస్తారు. గది తాళం అదే, పర్సూ అదే. గ్లాసు అందుకున్నప్పుడల్లా కార్డు చూపిస్తే ఖాతాలో పడుతుంది, పైన 18 శాతమో 20 శాతమో సర్వీసు ఛార్జీ కూడా పడుతుంది. ఇదంతా వద్దు, రోజుకి ఇంతని ముందే కట్టేసి కావలసినంత తాగండి అనేదే ప్యాకేజీ. మన ఫుల్ మీల్స్.

ఆ రాత్రి తెరమీద కనిపించిన ధర మనిషికి రోజుకి 70 డాలర్లు. ఓడనిబట్టి, వారాన్నిబట్టి ఈ అంకె మారుతుంది, మీరు వెళ్లేటప్పుడు ఇదే ఉంటుందని అనుకోవద్దు. పక్కనే ఇంకా పెద్ద అంకె ఒకటి రాసి, దాన్ని అడ్డంగా కొట్టేసి, నలభై శాతం తగ్గింపు అని ఎర్రగా వేశారు. మా కోడలు వంటింట్లోంచే "మావయ్యగారూ, అది ఆషాఢం సేల్ లాంటిది. ఆ కొట్టేసిన ధరకి ఎవరూ ఎప్పుడూ కొని ఉండరు" అంది. ఆ అమ్మాయి ఆరు నెలలుగా ఆ పేజీ చూస్తోంది. అర్ధరాత్రితో అయిపోయే డిస్కౌంటు మర్నాడు పొద్దున ఇంకో పేరుతో వస్తోందట. అలాగని మరీ ఆలస్యం చేయడమూ మంచిది కాదు. ఓడ ఎక్కాక అడిగితే మామూలుగా ధర ఎక్కువే చెబుతారు. ముందు కొనుక్కుని, తర్వాత ఇంకా తగ్గితే రద్దు చేసి మళ్లీ కొనుక్కునే వీలు చాలా కంపెనీలు ఇస్తాయి.

సరే, 70 డాలర్లు. దాని మీద 18 శాతం సర్వీసు ఛార్జీ కలిపితే 82 డాలర్ల 60 సెంట్లు. ఏడు రోజులకి 578 డాలర్ల 20 సెంట్లు. ఇద్దరికి 1,156 డాలర్ల 40 సెంట్లు. డాలరుకి 85 రూపాయలు వేసుకుంటే 98 వేల పైమాట. మా ఆవిడ అటుగా వెళ్తూ ఈ అంకె విని, "తాగడానికేనా?" అని ఆగిపోయింది.

బ్యాంకులో ముప్ఫై ఆరేళ్లు పనిచేసిన చెయ్యి ఊరుకోదు. కాగితం తీసుకున్నాను. సర్వీసు ఛార్జీ విడిగా కొన్న గ్లాసు మీదా ఉంది, ప్యాకేజీ మీదా ఉంది కాబట్టి రెండు పక్కలా కొట్టేశాను. కాక్‌టెయిల్ 14 డాలర్లు, కాబట్టి ఐదు తాగితే గిట్టుబాటు. బీరు 8 డాలర్లు, కాబట్టి తొమ్మిది తాగాలి. తొమ్మిది బీర్లంటే మూడు లీటర్ల పైన, అదీ రోజుకి, ఏడు రోజులు వరసగా. ఆ మూడో మనిషి ఎవరో గానీ, వాడి ముఖం కొంచెం వాడిపోయింది.

అయితే లెక్కలో నేను ఒకటి వదిలేశానని మా వాడే పట్టుకున్నాడు. మందు ప్యాకేజీలో మందే కాదు, కాఫీలు, సీసా నీళ్లు, కూల్‌డ్రింకులు కూడా కలిసి ఉంటాయి. రోజుకి రెండు నురగ కాఫీలు 9 డాలర్లు, రెండు నీళ్ల సీసాలు 6, ఒక కోక్ 4. మొత్తం 19. మిగిలేది 51. అంటే నాలుగు కాక్‌టెయిళ్లకే తేలిపోతుంది. నిజమే. కాకపోతే ఇంట్లో కుళాయి నీళ్లు తాగే మనిషి ఓడ మీద సీసా నీళ్లు లెక్కలోకి ఎందుకు తెచ్చుకుంటున్నాడని అడిగాను. గిట్టుబాటు కావాలనుకున్నప్పుడు మనం అంకెల్ని ఇలాగే బుజ్జగిస్తాం. అప్పు కోసం వచ్చే వ్యాపారుల ప్రాజెక్టు రిపోర్టుల్లో ఇలాంటి నీళ్ల సీసాలు నేను చాలా చూశాను.

అసలు తిరకాసు రోజుల్లో ఉంది. ఏడు రోజులకీ కట్టాలి, కావలసిన రోజుకే కడతామంటే కుదరదు. మొదటి రోజు ఓడ ఎక్కేసరికే మధ్యాహ్నం. మూడు రోజులు రేవుల్లో దిగుతాం. పొద్దున దిగి సాయంత్రానికి ఎక్కుతాం. కొజుమెల్ ఒడ్డున తాగిన కొబ్బరినీళ్లకి ఓడ ప్యాకేజీ చెల్లదు. ఓడ మీదే తెల్లారి ఓడ మీదే పొద్దుగుంకే రోజులు మూడే. వారానికి కావలసినవి 35 గ్లాసులు. రేవు రోజుల్లో మూడేసి, మొదటి రోజు ఇంకో మూడు, కలిపి పన్నెండు అయ్యాయనుకుందాం. మిగిలిన ఇరవై మూడూ ఆ మూడు రోజుల్లో పడాలి. రోజుకి దాదాపు ఎనిమిది. అమెరికా వైద్యుల కొలతలో ఒక గ్లాసు మందు అంటే 14 గ్రాముల ఆల్కహాలు, దాన్ని ఒళ్లు కరిగించుకోవడానికి సుమారు గంట పడుతుంది. అంటే ఆ మనిషి పొద్దున లేచిన దగ్గర్నుంచి డ్యూటీ ఎక్కినట్టే. పైగా నా కంట పడకుండా రోజుకి ఎనిమిది తాగాలంటే ఓడంతా తిరుగుతూనే ఉండాలి. ఈ చివరి మాట నేను పైకి అనలేదు.

ఇంతలో ఇంకో అడ్డంకి వచ్చింది. వాడు ఒక్కడికే కొనడానికి మీట నొక్కితే యంత్రం ఒప్పుకోలేదు. ఒక గదిలో ఒక్కరు మందు ప్యాకేజీ కొంటే ఆ గదిలో ఇరవై ఒకటి నిండిన పెద్దవాళ్లందరూ కొనాలి. రాయల్ కరీబియన్, కార్నివాల్ లాంటి పెద్ద కంపెనీలు చాలా పెట్టుకున్న నియమం ఇది. ఒకరు కొని ఇద్దరు పంచుకుంటారని వాళ్ల భయం. మా కోడలు మందు ముట్టదు. అయినా ఆమెకీ 578 డాలర్లు కట్టాలి. మా వాడి స్నేహితుడు ఒకడు దీనికి ఉపాయం చెప్పాడట. కాగితం మీద మగవాళ్లని ఒక గదిలో, ఆడవాళ్లని ఇంకో గదిలో రాయించి, ఓడ ఎక్కాక ఎవరి గదికి వాళ్లు వెళ్లిపోవడం. "అంటే మావయ్యగారిని, ఈయన్ని ఒక గదిలో రాయిస్తారు. అప్పుడు మావయ్యగారు కూడా ప్యాకేజీ కొనాలి కదా" అంది కోడలు. ఆ ఉపాయం అక్కడితో ఆగింది.

ఈ నియమం విన్నప్పుడు నాకు బ్రిటిష్ నౌకాదళం గుర్తొచ్చింది. విశాఖలో నేవీ ఖాతాలున్న బ్రాంచిలో పనిచేశాను కనుక ఆ కథలు కొన్ని చెవిన పడ్డాయి. ఓడకీ మందుకీ ఉన్న చుట్టరికం చాలా పాతది. బ్రిటిష్ నావికులకి జీతంతోపాటు రోజూ రమ్ము పోసేవారు. 18వ శతాబ్దంలో ఆ వాటా మనిషికి రోజుకి అర పింటు. అది తాగి కుర్రాళ్లు అదుపు తప్పుతున్నారని 1740లో అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్ దాన్ని నీళ్లు కలిపి, రెండు విడతలుగా పొయ్యమని ఉత్తర్వు ఇచ్చాడు. ఆయన వేసుకునే కోటు బట్ట పేరు గ్రోగ్రమ్. దాన్నిబట్టి ఆయన్ని ముసలి గ్రోగ్ అనేవారు, ఆ పేరే నీళ్లు కలిపిన రమ్ముకి స్థిరపడిపోయింది. తర్వాత వాటా తగ్గుతూ తగ్గుతూ పింటులో ఎనిమిదో వంతుకి, అంటే 71 మిల్లీలీటర్లకి వచ్చింది. రాడార్లు, క్షిపణులు వచ్చిన కాలంలో మధ్యాహ్నం పూట మందు పోసి పనిచేయించడం ప్రమాదమని చివరికి 1970 జూలై 31న పూర్తిగా ఆపేశారు. ఆ రోజు కొందరు నావికులు చేతికి నల్లపట్టీ కట్టుకుని సంతాపం జరుపుకున్నారు.

నాకు ఇందులో బాగా నచ్చింది రమ్ము కాదు, ఆ లెక్కల పుస్తకం. తాగని నావికుడి పేరు ఎదురుగా టి అనే అక్షరం వేసేవారు. టెంపరెన్స్ అన్నమాట. వాడికి ఆ రమ్ము బదులు రోజుకి మూడు పెన్నీలు జీతంలో కలిపి ఇచ్చేవారు. మూడు పెన్నీలు పెద్ద డబ్బేం కాదు. కానీ తాగనివాడు ఒకడున్నాడని, వాడి వాటా ఇంకా వాడిదేనని ఆ పుస్తకం ఒప్పుకుంది. ఇప్పటి ఓడ లెక్కలో టి అనే గడి లేదు. తాగనివాళ్ల దగ్గరా తాగినవాళ్లతో సమానంగా వసూలు చేస్తుంది. మా ఆవిడకి ఈ కథ చెబితే, "ఏమండీ, ఆ పాత ఓడలేమైనా ఉంటే చూడండి" అంది.

మందుకీ విహార ఓడలకీ ఇంత దగ్గరతనం రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం. ఒడ్డున దొరకనిది సముద్రం మీద దొరుకుతుంది కాబట్టి అప్పట్లో ఎక్కడికీ వెళ్లని ప్రయాణాలు మొదలయ్యాయి. ఓడ ఎక్కడం, హద్దు దాటడం, తాగడం, వెనక్కి రావడం. ఊరు చూడ్డం కోసం కాదు, సీసా మూత తీయడం కోసం వెళ్లిన ప్రయాణాలు అవి.

ఇక ఇప్పటి సంగతి. రాయల్ కరీబియన్ గ్రూపు వార్షిక నివేదిక తిరగేశాను. విశ్రాంత ఉద్యోగికి ఇదో కాలక్షేపం. 2023లో వాళ్ల ఆదాయం సుమారు 1,390 కోట్ల డాలర్లు. అందులో టికెట్ల మీద వచ్చినది పోను, ఓడ మీద ఖర్చులూ ఇతరాలూ కలిపి 433 కోట్ల చిల్లర. మందు, జూదం, ఒడ్డు విహారాలు, ఇంటర్నెట్, ఇవన్నీ అందులోవే. అంటే నూటికి ముప్ఫై రూపాయలు టికెట్ కొన్నాకే మన జేబులోంచి వస్తున్నాయి. వాళ్లని తప్పుపట్టడం లేదు, వ్యాపారం అంటే అదే. కాకపోతే ప్యాకేజీ ధర కట్టేవాళ్లు మన అలవాట్లు మనకన్నా బాగా ఎరిగినవాళ్లని గుర్తుంచుకోవాలి. వేల మంది రోజుకి ఎన్ని తాగుతారో వాళ్ల దగ్గర రాసి ఉంది. మన దగ్గర మన ఒక్కరిదీ కూడా రాసి ఉండదు.

మనది మనకి ఎంత తెలియదో చెప్పే పరిశోధన ఒకటి ఉంది. స్టెఫానో డెల్లావిగ్నా, ఉల్రికే మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలో మూడు జిమ్ముల్లో 7,752 మంది సభ్యుల హాజరు పట్టీలు తిరగేసి 2006లో అచ్చు వేశారు. నెలకి 70 డాలర్ల పైన చందా కట్టినవాళ్లు సగటున నెలకి 4.3 సార్లు వెళ్లారు. అంటే వెళ్లిన ప్రతిసారికీ 17 డాలర్లు పైగా పడింది. అదే జిమ్ములో చందా లేకుండా పదిసార్ల పాసు కొనుక్కుంటే ఒక్కోసారికి పది డాలర్లే పడేది. చందా కట్టేటప్పుడు వాళ్లు వేసుకున్న లెక్క అబద్ధం కాదు. ఆ లెక్కలో ఉన్న మనిషి, రోజూ తెల్లవారుజామున లేచే మనిషి, వాళ్లు కాదు, అంతే. మా వాడికి కూడా ఒక జిమ్ము కార్డు ఉంది. దాని ఊసు నేను ఎత్తలేదు. వాడే గోడవైపు చూశాడు.

దీనికి అటువైపు కూడా ఒక కథ ఉంది. 1985లో అచ్చయిన ఒక పరిశోధనలో హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ అనేవాళ్లు ఒక విశ్వవిద్యాలయ నాటకశాలలో సీజను టికెట్లు కొనడానికి వచ్చినవాళ్లలో కొందరికి పూర్తి ధర 15 డాలర్లకీ, ఇంకొందరికి తగ్గించీ అమ్మారు. ఎవరికి ఏది అన్నది లాటరీ పద్ధతే. సీజను మొదటి సగంలో పూర్తి ధర కట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకి వచ్చారు. అందరూ చూసింది ఒకే నాటకాలు. డబ్బు ఎక్కువ పోసినవాడికి మానేయాలంటే మనసొప్పలేదు. నాటకం అయితే ఫర్వాలేదు, ఒకటి ఎక్కువ చూస్తే ఒంటికి వచ్చిన నష్టం లేదు. కట్టిన డబ్బు రాబట్టడానికి మందు తాగితే అది వేరే సంగతి. ఏ మోతాదైనా ఆరోగ్యానికి క్షేమమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. ఇక్కడ ఆగి ఉపన్యాసం చెప్పను. మా వాడు కూడా ఈ ప్రసంగం వింటున్నాడు.

ఓడ మీద రెండో రోజు ఇది కళ్లారా చూశాను. ఈతకొలను పక్కన ఒక పెద్దమనిషి, యాభై ఏళ్లుంటాయి, పొద్దున పదకొండింటికే మూడో గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. ముఖంలో ఆనందమేమీ లేదు. మాట కలిపితే, "ఇంకా రెండు తాగితే గానీ ఇవాళ్టిది రాదు" అన్నాడు. కూలీకి వచ్చినవాడు పొద్దు చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు గడియారం. కార్నివాల్ కంపెనీ ప్యాకేజీలో అయితే మందుకి ఇరవై నాలుగు గంటల్లో పదిహేను అని హద్దు ఉంది. పదిహేను! జనం కోసం పెట్టిన హద్దే అది, మంచిదే. కానీ హద్దు అంకె చెప్పగానే దాన్ని మార్కుల్లా చూసే మనుషులు ఉంటారు. చదువుకునే రోజుల్లో నూటికి నూరు తెచ్చుకున్న జాతి మనది, జాగ్రత్త.

ఇంత చెప్పాక రెండో పక్షం కూడా చెప్పకపోతే అన్యాయం. డబ్బు ముందే కట్టేయడంలో ఒక సుఖం ఉంది. తాగే వేళకి డబ్బు గుర్తురాదు. ఫ్రెంచివాళ్ల క్లబ్ మెడ్ విహార కేంద్రాలు 1950లో మొదలయ్యాయి. అక్కడ తిండి, పడక అన్నీ ముందే కట్టిన డబ్బులో వచ్చేవి. బారు దగ్గర మాత్రం మెడలో వేసుకున్న ప్లాస్టిక్ పూసలు తెంపి ఇచ్చేవారు. పూస ఇస్తుంటే నోటు ఇచ్చినంత నొప్పి ఉండదు. ప్యాకేజీ ఆ పూసల్ని కూడా తీసేసింది. భార్యాభర్తలిద్దరూ సాయంత్రం మూడు నాలుగు గ్లాసులు తాగేవాళ్లయితే, కాఫీలు నాలుగు పూటలా కావలసినవాళ్లయితే, గ్లాసు ఎత్తినప్పుడల్లా పక్కవాళ్లు ధర చదివే కుటుంబం అయితే, కొనుక్కోండి. ఆ ఇంటి శాంతికి వెయ్యి డాలర్లు ఎక్కువ కాదు. మా వాడి స్నేహితుల జంట ఒకటి అలా కొనుక్కుని సంతోషంగా ఉంది. వాళ్లు లెక్క వేసుకోలేదు, వేసుకోవాలనీ లేదు. వేసుకోకుండా ఉండడానికే కట్టారు. అది తెలిసి కట్టడం వేరు, లాభం వస్తుందని కట్టడం వేరు.

ఉచితం అన్న మాట దగ్గర మాత్రం కొంచెం ఆగండి. నార్వీజియన్ అనే కంపెనీ చాలా ఏళ్లు టికెట్‌తోపాటు మందు ప్యాకేజీ ఉచితమని ఇచ్చింది. ఆ ఉచితం అసలు ధర మీద 20 శాతం సర్వీసు ఛార్జీ మాత్రం మనమే కట్టాల్సి వచ్చేది. పెళ్లిలో భోజనం పెట్టి విస్తరాకుకి డబ్బులడిగినట్టు. అయినా ఎక్కువ తాగేవాళ్లకి అది లాభమే. తాగనివాళ్లు వద్దని చెప్పే వీలుండేది, కానీ వద్దని చెప్పాలని తట్టాలి కదా. ఉచితాన్ని వద్దనడం మనకి ఇంటా వంటా లేదు.

మేం కొనలేదు. అర్ధరాత్రి డిస్కౌంటు వెళ్లిపోయింది, మా కోడలు చెప్పినట్టే మర్నాడు ఇంకో పేరుతో వచ్చింది. మందు లేని ప్యాకేజీలు కూడా చూశాం. కాఫీలు, పళ్లరసాలు కలిపి రోజుకి 30 డాలర్లు, కూల్‌డ్రింకులకి 13. మనవడు కోక్ ప్యాకేజీ కావాలన్నాడు. వాళ్లమ్మ రోజుకి రెండు దాటనివ్వదు, ఆ కోక్ నాలుగు డాలర్లు. లెక్క వాడే చేసి, "తాతయ్యా, మూడుకి కూడా గిట్టదు" అని పేచీ మానేశాడు. మా ఆవిడ సంచిలో బ్రూ ప్యాకెట్లు పెట్టుకుంది. వేడినీళ్లు, పాలు బఫేలో ఊరికే ఇస్తారు కదా. రెండు రోజులు అలాగే కలుపుకుంది. మూడో రోజు కోడలు బలవంతం మీద ఒక కాపుచినో తాగి, పైనున్న నురగ మీద ఆకు బొమ్మ చూసి ముచ్చటపడింది. ఆ తర్వాత రోజుకి ఒకటో రెండో. ప్యాకెట్లు తిరిగి ఫ్రిస్కో వచ్చేశాయి.

చివరి రోజు పొద్దున గది తలుపు దగ్గర బిల్లు పెట్టారు. రెండు గదులవీ తెచ్చి టిఫిన్ దగ్గర కూడి చూశాను. తొమ్మిది బీర్లు 72 డాలర్లు. ఎవరు తాగారో నేను అడగలేదు. కోడలి మాక్‌టెయిళ్లు ఐదు, 45. మా ఆవిడ కాపుచినోలు ఎనిమిది, 36. మనవడి కోక్‌లు పది, 40. ఒక గ్లాసు వైను, 12. అది నాదే, కొజుమెల్ నుంచి బయల్దేరిన సాయంత్రం, మా ఆవిడ చూస్తుండగానే. మొత్తం 205. సర్వీసు ఛార్జీతో 241 డాలర్ల 90 సెంట్లు, ఐదుగురికీ, ఏడు రోజులకీ. మా వాడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "వారానికి తొమ్మిదేనా!" అన్నాడు. ఆ గొంతులో కొంచెం ఆశ్చర్యం, కొంచెం నిరాశ కూడా వినిపించాయి.

నేను తిరిగి విశాఖ వచ్చాక ఇక్కడా ఓడల మాటే. 2022లో కార్డీలియా అనే కంపెనీ వాళ్ల ఎంప్రెస్ అనే ఓడ మన రేవుకి వచ్చి పుదుచ్చేరి, చెన్నై తిప్పింది. ఆ ఓడ 1990లో నార్డిక్ ఎంప్రెస్ అనే పేరుతో రాయల్ కరీబియన్ వాళ్లింట్లో పుట్టినదే. 2023 సెప్టెంబరులో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రూజ్ టెర్మినల్ కూడా మన పోర్టులో మొదలైంది. ఓడతోపాటు ప్యాకేజీ కూడా వస్తుంది కదా. మెస్సులో ఫుల్ మీల్స్ తిన్న మా ముగ్గురిలో ఒకడు, పిల్లలు ఓడ టికెట్లు కొన్నారని, మందు ప్యాకేజీ తీసుకోవాలా వద్దా అని నన్ను అడగడానికి ఇంటికి వచ్చాడు. నాలుగో ఆయన్ని అడగలేదట. ఆయనకి ఓడ ఎక్కితే కళ్లు తిరుగుతాయి.

నేను సలహా ఏమీ ఇవ్వలేదు. ఒక కాగితం, పెన్ను ఇచ్చి, ఓడ మీద ఎన్ని తాగుతావో కాదు, పోయిన నెల్లో ఇంట్లో తాగింది తారీఖులవారీగా రాయమన్నాను. మొదట నవ్వాడు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. మా ఆవిడ కాఫీ తెచ్చి పెట్టింది, అది చల్లారిపోయింది, వాడు రాస్తూనే ఉన్నాడు. ఒకచోట ఆగి, కొట్టేసి, మళ్లీ రాశాడు. ఆఖరికి కింద గీత గీసి కూడి, ఆ అంకెకేసి కాసేపు చూసి, కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నాకు చూపించలేదు. నేనూ అడగలేదు.